వాన కబురు గంగయ్య

సముద్రం ఒడ్డునున్న ఓడలరేవు ఊళ్ళో ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటారు. ఐస్ గంగయ్య రేడియోకి డబ్బు కట్టడం మానేశాడని, అందుకే ఆ ఉదయం గాలివాన కబురు రాలేదని, వెంకటరమణ పడవ తిరగబడిందని. చెప్పేవాళ్ళు గొంతు తగ్గించి చెబుతారు. వినేవాళ్ళు తల ఊపుతారు.

నేను పనిచేసేది ఆ రేడియోలోనే. అమలాపురంలో ఒక మేడ మీద రెండు గదులు. ఇంటరు మధ్యలో ఆగిపోయాక అక్కడ చేరాను. మైకు ముందు మాట్లాడేది కీర్తి. సఖినేటిపల్లి రేవులో మనుషుల్నీ బళ్ళనీ ఎక్కించుకునే పంటు గోదావరి దాటుతోందా, బోడసకుర్రు వంతెన మీద లారీలు ఆగిపోయాయా అని పొద్దున్నే ఫోన్లు చేసి కనుక్కోవడం, వాతావరణ కేంద్రం వాళ్ళు పంపిన కబురుతో కలిపి రాసి ఆమె చేతికివ్వడం నా పని.

ఆ కబుర్లకు స్పాన్సర్ దొరకడం కష్టమైంది. మా మేనేజరు శ్రీనివాసరావుగారు దుకాణాలన్నీ తిరిగారు. బట్టల కొట్టువాళ్ళు పాటలకిస్తామన్నారు. నగల కొట్టువాళ్ళు పుట్టినరోజు శుభాకాంక్షలకిస్తామన్నారు. వాన కబురుకీ లారీల కబురుకీ ఎవరూ ముందుకు రాలేదు. చివరికి గంగయ్యగారు వచ్చారు.

ఆయన ఒకప్పుడు సముద్రం మీద చేపల వేటకెళ్ళినవారే. వల లాగుతూ భుజం జారిపోయి, ఆ చెయ్యి పైకి లేవకుండా పోయాక, ఐసు దిమ్మలు తెప్పించి పొడి కొట్టి పడవలకు అమ్మడం మొదలుపెట్టారు. ఎందుకు వాన కబురే కావాలంటున్నారని అడిగితే, అన్నిట్లోకి అదే చవగ్గా ఉందండి అన్నారు. పడవలు ఆగిపోతే మీ ఐసే కరిగిపోతుంది కదా, వేటకెళ్ళొద్దని మీరే డబ్బిచ్చి చెప్పిస్తారా అని శ్రీనివాసరావుగారు నవ్వారు.

"పేరు ఇనపడుద్ది కదండీ" అని గంగయ్యగారు సిగ్గుపడ్డారు.

ముందు ఒక గంట మోత, తరువాత 'ఓడలరేవు గంగయ్య ఐస్ వారి సౌజన్యంతో' అన్న మాట, ఆ వెనక కబుర్లు. కీర్తి అలా ఏర్పాటు చేసింది. ఓడలరేవులో పడవలు ఆగే చోట మంగాయమ్మ టీ హోటల్లో రేడియో పొద్దున్నుంచీ మోగుతూనే ఉంటుంది గానీ, ఇంజన్ల మోతలో, కేకల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. గంట మోగి గంగయ్య పేరు వచ్చినప్పుడు మాత్రం మంగాయమ్మ సౌండు పెంచేది. టీ గ్లాసులతో మగవాళ్ళు దగ్గరికి జరిగేవారు. అదే వేళకు గంగయ్యగారు ఐసు కొట్టే మిషను ఆపి షెడ్డు బయటకు వచ్చి నిలబడేవారు. మా పిన్ని ఇల్లు ఆ పక్కనే కాబట్టి చాలాసార్లు చూశాను. ఆయన రేడియో వైపు చూసేవారు కాదు, వినేవాళ్ళ మొహాల వైపు చూసేవారు.

ఆ ఏడాది వానలు వదల్లేదు. ఒక వాయుగుండం పోతే ఇంకొకటి. గంట, గంగయ్య పేరు, వెంటనే వేటకు వెళ్ళరాదన్న మాట. నీళ్ళలోకి నెట్టిన పడవను మళ్ళీ ఒడ్డుకు లాగాల్సి వచ్చేది. చెప్పిన గాలి చాలాసార్లు రానే లేదు. పొయ్యి మీదికి చేప లేని ఇళ్ళలో కోపం ఆ పేరు మీదికి మళ్ళింది. మొదట అది వేళాకోళమే. "గంగయ్య కూసేడ్రా, వలలు మడతెట్టండి" అనేవారు. తరువాత తరువాత, పడవ నెట్టే వేళకు ఆయన ఎదురొస్తే కాసేపు ఆగి కూర్చుని, నీళ్ళు తాగి బయల్దేరేవారు. ఆయన అది చూసి, పడవలన్నీ వెళ్ళేదాకా షెడ్డు తలుపు వేసుకుని లోపలే ఉండడం మొదలుపెట్టారు.

ఒక మధ్యాహ్నం ఆయన మా మేడ ఎక్కి వచ్చారు. వెనకే వెంకటరమణ. వరసకు ఆయన మేనల్లుడు, సొంత పడవ ఉన్నవాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. గంగయ్యగారు తన పేరు తీసెయ్యమని అడిగారు.

"పేరు లేకుండా డబ్బెందుకండీ? గుళ్ళో ఫ్యానిచ్చినా రెక్కల మీద పేరేయించుకుంటారు మనోళ్ళు" అన్నారు శ్రీనివాసరావుగారు.

"ఫ్యాను తిరిగితే చాలండి. డబ్బు నేనే కడతాను. కబురు మాత్రం ఆపకండి."

వెంకటరమణ తల వంచుకునే అన్నాడు. "మీ మీద కోపం కాదు మావయ్యా. పడవ నెట్టేటప్పుడు ఆ పేరు ఇంటే కాళ్ళు ముందుకి పడట్లేదు."

"ఆయ్, తెలుసురా" అన్నారాయన.

గంటా పేరూ ఒకే రికార్డింగులో ఉన్నాయి. పేరుతో పాటు గంట కూడా పోయింది. దానివల్ల ఏమవుతుందో మాలో ఎవరికీ తట్టలేదు.

అట్లతద్ది వెళ్ళిన వారంలో వెంకటరమణ పడవ తిరగబడింది. కూడా వెళ్ళినవాళ్ళు ఈదుకుని బయటపడ్డారు. వెంకటరమణ శవం కొమరగిరిపట్నం వైపు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఆ పొద్దున గంట మోగలేదు, గంగయ్య పేరు రాలేదు, గాలి కబురేమీ లేదనుకున్నామని మంగాయమ్మ అందరితో అంది. సాయంత్రానికి ఆ మాట, గంగయ్య డబ్బు కట్టడం మానేశాడన్న మాటగా మారింది.

కర్మలు అయ్యాక వెంకటరమణ భార్య నాగదుర్గ ఐసు షెడ్డు ముందుకు వచ్చింది. చుట్టూ జనం చేరారు. ఆమె ఏడవలేదు.

"రేడియో ఎందుకు ఆపించేరు మావయ్యా? ఎటకారం చేసేరని కక్ష కట్టేరా?"

గంగయ్యగారు ఆమె మెడ వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నారు.

"తప్పయిపోయిందమ్మా" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి రేవులో ఎవరూ ఆయన దగ్గర ఐసు కొనలేదు. తెప్పించిన దిమ్మలు ఊక కింద కరిగి నీళ్ళు రోడ్డు మీదికి పారాయి. శ్రీనివాసరావుగారు నన్ను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళి, రేవులో అందరితో తానే మాట్లాడతానన్నారు. గంగయ్యగారు ఒప్పుకోలేదు.

"ఏం చెబుతారండీ? పేరు తియ్యమన్నది ఆడేనని చెబుతారా? ఆ పిల్ల ఆ మాట మోసుకుని ఎలా బతుకుద్దండీ?"

కొన్నాళ్ళకు షెడ్డు రేకులు విప్పి అమ్మేసి, ఆయన కాకినాడ వెళ్ళిపోయారు. అక్కడ రొయ్యల ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా ఉన్నారని విన్నాం. మా వాన కబుర్లకు ఇప్పుడు రొయ్యల మేత అమ్మే కొట్టువాళ్ళు స్పాన్సర్లు. వాళ్ళ పేరు ముందు డోలు మోగుతుంది. ఆ పేరును ఎవరూ ఏమీ అనరు.

పోయిన నెలలో నాగదుర్గ మా మేడ ఎక్కి వచ్చింది. వెంకటరమణ గంగయ్యగారితో కలిసి ఇక్కడికి వచ్చాడని ఆ రోజు ఈదుకొచ్చినవాళ్ళలో ఒకతను ఆమెకు చెప్పాడట. ఇక దాచి లాభం లేదనుకుని శ్రీనివాసరావుగారు పడవ తిరగబడిన ఉదయం రికార్డింగు పెట్టారు. ఆమె కుర్చీలో కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడి వింది. పాట అయిపోయింది. వెంటనే కీర్తి గొంతు మొదలైంది. పంటు నిలిపివేశారు. గాలులు బలంగా వీస్తాయి. మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు. ఆ చివరి మాట కీర్తి రెండుసార్లు చదివింది.

ఆ నెల డబ్బు గంగయ్యగారు ముందే కట్టేశారు.