ఎడమ క్రాంక్ మీద నల్ల రంగు

పోయినవి ముందు లెక్కపెడతాను. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. రెండు వందల ఉదయాల సాధన. ఒక ఎంపిక పోటీ, అందులో పద్నాలుగు సెకన్లు. దాని వెనక రావలసిన ఒక ప్రభుత్వ ఉద్యోగం. ఒక కుడి మోకాలు. ఆ మోకాలి మీద దాని మనిషికి ఉన్న నమ్మకం. ఇవన్నీ ఒకే అమ్మాయివి. నావి ఏవీ పోలేదు. ఏడేళ్లుగా నన్ను నొక్కుతున్నది ఆ చివరి వాక్యమే.

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

హిందూపురంలో నాకు సైకిళ్ల షాపు ఉంది. పదో తరగతి దాటలేదు. కొలవడం నాకు నేనే నేర్చుకున్నాను. బోల్టయినా బేరింగయినా కొలిచి చూడనిదే బిగించను. అందుకే నన్ను మిల్లీమీటరన్న అంటారు. మొదట వెక్కిరింతగా అన్నారు, పోను పోను అది గౌరవమైంది. ఆ పేరు కోసమేనా ఇదంతా? అవును, ఆ పేరు కోసమే.

ఆమెది ధర్మవరం. పేరు రాయను. వాళ్ల నాయన పట్టుచీరలు నేస్తాడు. రోడ్డు సైకిల్ పోటీలకు సాధన చేసేది, పెనుకొండ కొండదారి ఎక్కి దిగేది. ఆటగాళ్ల కోటాలో ఉద్యోగానికి ఆమె వయసు ఆ ఏడాదితో దాటిపోతుంది. పోటీకి ఇంకా ఎనిమిది నెలలు ఉన్నాయనగా, కాళ్ల బలాన్ని వాట్లలో చూపే పవర్ మీటర్ కావాలని సైకిల్ తెచ్చి నా దగ్గర వదిలింది. అది వేరే పెట్టె కాదు. పెడల్‌ను మోసే లోహపు చేతిని క్రాంక్ అంటాం. ఎడమ క్రాంక్ తీసేసి, లోపలి వైపు మీటరు అతికించి ఉన్న క్రాంక్‌ను దాని చోట పెట్టాలి. కుడి వైపు పాతదే ఉంటుంది.

తెప్పించే ముందు మూడు చూడాలి. ఇరుసు లావు. మీటరుకూ ఫ్రేముకూ మధ్య సందు. క్రాంక్ పొడవు. ఇరుసు కొలిచాను. సందు కొలిచాను. ఆర్డరులో పొడవు చెప్పడం మరిచిపోయాను. నేను, మిల్లీమీటరన్నను, మరిచిపోయాను.

వచ్చినదాని మీద పెడల్ రంధ్రం వెనక 170 అని చెక్కి ఉంది. కుడివైపు పాతదాని మీద 172.5. నమ్మలేక స్కేలు పెట్టి మూడుసార్లు కొలిచాను. తిప్పి పంపితే నెల పడుతుంది. నెల పోయినా ఆమెకు ఏడు నెలలు మిగిలేవి. కాబట్టి తొందర కారణం కాదు. పొరపాటు చేశానని నా నోటితో అనవలసి రావడమే కారణం. దాన్నే బిగించాను. 170 మీద నల్ల రంగు పూశాను. క్రాంక్ పొడవెంతని ఫోనులో మీటరు యాప్ అడిగితే 172.5 అని కొట్టాను.

సైకిల్ తీసుకుపోవడానికి వచ్చిన రోజు మా మధ్య నడిచిన మాటలు ఇవి.

“అయిపోయినాదా అన్నా? రెండు పక్కలా ఒకటేనా? పోటీకి పోయినాక తేడా ఉండాదంటే మా నాయన నన్ను మగ్గం గుంతలో కూర్చోబెడతాడు.”

“నన్నేమంటారమ్మా ఈ ఊళ్ళో?”

“మిల్లీమీటరన్న.” నవ్వింది.

“మళ్ళేం?”

“ఏం లేదులేబ్బా. నీకా నేను కొలతలు చెప్పేది.”

చూడండి, ఒకటే అని నేను అనలేదు. చాలా ఏళ్లు ఆ సందులోనే దాక్కున్నాను. అబద్ధం ఆడలేదు కదా అనుకున్నాను. మరి అంకె మీద రంగు పూసిన చెయ్యి ఎవరిది?

మూడో నెలలో కుడి మోకాలు నొప్పి అంది. నిమిషానికి ఎనభై తిప్పులు, రోజుకు రెండు గంటలు, అంటే తొమ్మిది వేల ఆరు వందలు. రెండు వందల ఉదయాలకు పంతొమ్మిది లక్షల ఇరవై వేలు. అన్నిసార్లూ ఆమె కుడి కాలు ఎడమ కాలి కంటే పెద్ద వృత్తం తిరిగింది. నొప్పికి అదే కారణమని నేను రుజువు చేయలేను. డాక్టర్లూ ఏదీ తేల్చలేదు. కానీ సైకిల్‌లో ఏమైనా తేడా ఉందా అని వాళ్లు అడిగితే, లేదని ఆమె చెప్పింది. నన్ను నమ్మి చెప్పింది. నాలుగుసార్లు నా దగ్గరికి వచ్చింది. నాలుగుసార్లూ సీటు ఎత్తాను, దించాను, ముందుకు జరిపాను. నొప్పి ఎక్కడో వేలితో చూపిస్తుంటే తెలియనివాడిలా తల ఊపాను. మొదటిదాన్ని మతిమరుపు అనవచ్చు. ఈ నాలుగింటినీ ఏమనాలి?

అంకెలు కూడా ఆమెను మోసం చేశాయి. కాదు, నేను వాటి చేత మోసం చేయించాను. పొట్టి క్రాంక్‌కు పొడుగు కొలత ఇస్తే మీటరు నూటికి ఒకటిన్నర ఎక్కువ చూపుతుంది. రెండు వందల యాభై వాట్లు కనిపించిన చోట అసలు ఉన్నది రెండు వందల నలభై ఆరు చిల్లర. పైగా ఆ మీటరు కొలిచేది ఎడమ కాలినే. కుడి కాలు కూడా అంతే చేస్తుందని నమ్మి రెండింతలు చేస్తుంది. రెండు పక్కలా ఒకటే అన్న నమ్మకం మీద నడిచే యంత్రం అది. దానికీ ఆమెకీ నేను చేసింది ఒకటే.

పోటీలో పద్నాలుగు సెకన్లు వెనకబడింది. తర్వాత ఒకరోజు సైకిల్ తెచ్చి ఎవరికైనా అమ్మిపెట్టమంది. చీరలు కొలిచే టేపుతో వాళ్ల నాయన ఆమె కాళ్లు రెండూ కొలిచాడట.

“ఒకటే ఉండాయి పాపా అంటాడు. ఆ టేపు సాగిపోయినట్టుండాది అన్నా. నా కాలులోనే ఏదో తేడా.”

ఆ నేతగాడు చెప్పింది నిజం. ఆమె నిజం చెప్పినవాణ్ణి వదిలేసి నన్ను నమ్మింది.

ఇప్పుడు పెనుకొండలో ఒక బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతోంది. సైకిల్ ఎక్కదని విన్నాను. ఆ సైకిల్ నా షాపులోనే కొక్కేనికి వేలాడుతోంది. అడిగినవాళ్లకు మీ ఎత్తుకు సరిపోదంటాను.

ఇది రాయడానికి కూర్చునే ముందు దాన్ని దించి, గోటితో రంగు గీకాను. 170 బయటపడింది. చెబితే మోకాలు బాగవదు, దాటిన వయసు వెనక్కి రాదు. క్షమిస్తుందా అన్నది నేను అడగవలసిన ప్రశ్న కాదు. ఆమె కాలులో తేడా లేదని ఆమెకు తెలియాలి. ఇంకా చెప్పలేదు. మీకు చెప్పాక మాత్రం ఊపిరి కొంచెం ఆడుతోంది. మొదట లెక్కపెట్టినవాటిలో ఏ ఒక్కటీ తిరిగి ఇవ్వలేను. ఇవ్వగలిగి కూడా ఈ రోజుకీ ఇవ్వకుండా ఉంచుకున్నది ఒక్క అంకె. రెండున్నర మిల్లీమీటర్లు.