మొదటి వాన కప్పుది

కరీబియన్ సముద్రంలోని మా బొనైర్ దీవిలో దోమితిలా అత్తంత మొండి మనిషిని నేను చూడలేదు. ఆమె నాకు చుట్టమేమీ కాదు, పక్కింటావిడ. ఊళ్లో అందరికీ అత్తే. ఒంటరి మనిషి. ఉన్నదల్లా పద్నాలుగు మేకలు, వాళ్ల నాన్న సున్నపురాయితో కట్టిన నేలతొట్టి. కప్పు మీద పడ్డ వాన గొట్టంలోంచి ఆ తొట్టిలోకి దిగుతుంది. ఊరి బావులు ఉప్పుదేరాక ఆమె మేకలూ, నా ముగ్గురు పిల్లలూ నేనూ బతికింది ఆ నీళ్లతోనే.

పొద్దున్నే ముందు మేకలకి. గోలెంలో బకెట్ నీళ్లు పోసి, పాత డబ్బా మీద కర్రతో రెండు దెబ్బలు వేసేది. ముళ్లకంచె సందుల్లోంచి మేకలు పరిగెత్తుకొచ్చేవి. ఆ తర్వాతే నా బిందె.

"నీకు నోరుంది, అడుగుతావు. అవి అడగలేవుగా" అనేది.

మా దగ్గర తూర్పుగాలికి విశ్రాంతి లేదు. సముద్రపు ఉప్పు, ఎర్రమట్టి, పిట్టల రెట్ట అంతా కప్పు మీదే. అందుకని వానల ముందు గొట్టాన్ని తొట్టి నుంచి ఊడదీస్తాం. మొదటి వాన కప్పు కడిగి నేలపాలవుతుంది. రెండో వానకి మళ్లీ తగిలిస్తాం. అందరం చేసేదే గానీ అత్తకి అది భయం. ఆమె తొమ్మిదేళ్లప్పుడు, కరువుకి తాళలేక వాళ్ల నాన్న మొదటి వాననే తొట్టిలోకి వదిలాడు. ఆ నీళ్లు తాగి సిరీలో అనే ఆమె తమ్ముడు వాంతులూ విరేచనాలతో మూడో రోజుకి పోయాడు. వాడికి ముంత అందించింది ఈవిడే.

నేను చెప్తున్న ఏడు, వానలు మొదలవ్వాల్సిన అక్టోబరు పోయింది, నవంబరు పోయింది. తొట్టిలో నడుముల్లోతు నీళ్లు మిగిలాయి. డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడి కుండపోతగా దిగింది. తడుస్తూ పరిగెత్తాను.

"అత్తా, గొట్టం తగిలించు!"

"మొదటి వానే. కప్పు కడగనీ."

"కప్పు మొహం మండ! నీళ్లన్నీ మట్టిలో కలిసిపోతున్నాయి!"

"నువ్వు అరిస్తే గొట్టం అతుక్కుంటుందా? ఇంత మబ్బు పట్టింది, సాయంత్రం దాకా కురుస్తుంది. కాసేపాగు, పిల్లా."

గొట్టం అందుకోబోతే నా చేతి మీద ఒక్కటి వేసింది. గొట్టానికి అడ్డంగా నిలబడింది. చివరికి "ఇక చాలు" అని తగిలించేసరికి గాలి మబ్బుని సముద్రం మీదికి తోసేసింది. తొట్టిలో నాలుగు చుక్కలు పడ్డ చప్పుడు ఇద్దరం విన్నాం.

ఆ తర్వాత నెలల తరబడి చినుకు లేదు.

అత్తతో మాట మానేశాను. బిందె తీసుకెళ్లడం మాత్రం మానలేదు, సిగ్గులేనిదాన్ని. ఫిబ్రవరిలో వరస మారింది. ముందు నా బిందె నింపేది, మేకలకి ఆ పైన మిగిలిందే. జెముడు మట్టలు కోసి, ముళ్లు మంటలో కాల్చి వాటికి పెట్టేది. అవి ఎన్నాళ్లాగుతాయి? కాళ్లు తడబడ్డదాన్ని తనే కోసి, మాంసం మా గుమ్మంలో పెట్టి వెళ్లిపోయేది. జొన్న సంకటిలోకి ఆ కూర నంజుకుని తిన్నాను. అప్పుడూ పలకరించలేదు. ఆగస్టుకి దొడ్డి ఖాళీ.

అక్టోబరు చివర్లో ఆ ఏటి మొదటి వాన పడింది. వెళ్లి చూస్తే గొట్టం తొట్టికే తగిలించి ఉంది. నీళ్లు ధారగా దిగుతున్నాయి. అత్త ముంత ముంచుకుని, నా కళ్లెదుటే గటగటా తాగేసింది.

"అత్తా! నీకేమైనా పిచ్చా?"

"పది నెలలకి నోరు విప్పావు, అదీ తిట్టడానికే. విను. మూడు రోజులు నీ బిందె ఇటు తేకు. వాకిట్లో గిన్నెలు పెట్టి, పైనుంచి సూటిగా పడ్డ నీళ్లు పట్టుకోండి. నేను లేచి తిరుగుతుంటే అప్పుడు మీరు ఇవి తాగండి."

మూడు రోజులూ ఆమె తలుపు వంకే చూస్తూ బతికాను. నాలుగో రోజు పొద్దున డబ్బా మీద రెండు దెబ్బలు వినిపించాయి. బిందె పట్టుకుని పరిగెత్తాను.

అత్త నిలబడే ఉంది. గోలెం అంచు దాకా నింపింది. కర్ర పట్టుకుని కంచె వైపు చూస్తోంది.

"ముందు వాటికి" అంది నన్ను చూసి. కంచె సందుల్లోంచి ఏ మేకా రాలేదు.

బిందె కింద పెట్టి, ఆమె చేతిలోంచి కర్ర తీసుకున్నాను.