పేరు లేని చిప్ప

చెంగమ్మ నీళ్ళలోకి దిగేటప్పుడు తాటాకు బుట్ట అంచుని పళ్ళతో కరిచి పట్టుకుంటుంది. మెడలోతు పులికాట్ సరస్సు నీళ్ళలో రెండు చేతులూ రొయ్యల కోసం బురద తడుముతుండాలి కాబట్టి బుట్టకు నోరే ఆధారం. ముప్పయ్యేళ్ళుగా కరిచి కరిచి ముందుపళ్ళు అరిగిపోయాయి. వేళ్ళకు ఏది తగిలినా చూడకుండానే పేరు చెప్పేస్తుంది. ఆ పేర్లన్నీ వాళ్ళమ్మ నేర్పినవే. పెద్ద ఓడల రేవు కట్టాక నల్లచిప్పలు గుత్తులు గుత్తులుగా బురదంతా కమ్మేశాయి. అవి వేళ్ళు కోస్తాయి, అవి ఉన్నచోట రొయ్య నిలవదు. వాటికి మాత్రం అమ్మ నేర్పిన పేరేదీ లేదు.

ఆ చిప్ప ఇక్కడిదా, ఓడలతో వచ్చిందా తేల్చడానికి వచ్చిన అధికారులు ఊరి పెద్దని అడిగారు. ఊరి పెద్ద చెంగమ్మ సొంత అన్న పెంచలయ్య. రేవులో అతనికి కొత్తగా కాంట్రాక్టు దొరికింది; చిప్ప ఓడలతో వచ్చిందని తేలితే తప్పు రేవు మీద పడుతుంది.

"మా తాతల కాలం నించీ ఉండేదే సార్. కూర గూడా వండుకుంటాం," అన్నాడు.

"అట్టయితే అమ్మ దీన్ని ఏమని పిలస్తా ఉండింది అన్నా?" అంది చెంగమ్మ.

పెంచలయ్య వినబడనట్టు అధికారికి కొబ్బరిబొండం అందించాడు. రోజూ ఆమెతో నీళ్ళలోకి దిగే ఆడవాళ్ళు కోసుకుపోయిన వేళ్ళని కొంగుల్లో దాచుకున్నారు. ఇక్కడిదేనని రాసుకుని అధికారులు జీపెక్కారు.

మర్నాడు చెంగమ్మ తెగిన వేళ్ళతోనే బుట్టెడు నల్లచిప్పలు ఏరి, చింతపులుసు పోసి వండింది. అన్న భోజనానికి కూర్చున్న వేళకి గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది.

"తాతల కాలం కూర అన్నా. పేరు చెప్పి తిను."