నీడకు ఆరాల్సిన నేల ఉసిరి

ఐతారం వచ్చిందంటె తెల్లారేసరికి మా అరుగు మీద పచ్చటి కండ్లు వరుసగ కూసునేటియి. మా అత్తమ్మ పసిరికలకు మందు పోసేది. దవాఖానల కామెర్లని రాస్తరు గని, మా సిద్దిపేటల పసిరికలంటేనే తెలుస్తది. మద్దూరు నుంచి మొదటి బస్సుకు దిగేటోళ్లు, ఎర్రవల్లి దిక్కు నుంచి బస్సులు మారి వచ్చేటోళ్లు, మా గల్లీల మగ్గం నేసేటోళ్లు, బజార్ల పెద్ద దుకాణాలోళ్లు, అందరికి అదే అరుగు. ఆమె ఎవ్వల దగ్గర పైస ముట్టకపోయేది. ముట్టితె మందు పనిచెయ్యదని వాళ్ల అత్త చెప్పి పోయిందట. టెంకాయ తెస్తె దేవుని కాడ పెట్టేది, తేకుంటె అడిగేది కాదు.

మందంటె ఏదో అడవుల నుంచి తెచ్చేది కాదు, నేల ఉసిరి. వానలు వెనక్కి పట్టినంక చెలక గట్ల పొంటి మొలిచే మొక్క, మోకాలెత్తు కూడ పెరగదు. ఆకు కింద ఆవగింజలంత కాయలు వరుసకు ఉంటయి. దసరా ముందర అత్తమ్మ నాలుగైదు దినాలు చెలకలెంబడి తిరిగి, వేర్లతోటి పీకి, కడిగి, వెనక అర్రల పాత ధోతి పరిచి నీడకు ఆరేసేది. ఆరేసరికి పది దినాలు పట్టేది. దంచి, జల్లెడ పట్టి, సీసాలల్ల పోసుకుంటె ఏడాది పొడుగూత వచ్చేది. ఐతారం పొద్దుగాల వచ్చినోళ్ల కంటి రెప్ప బొటనవేలితోటి కిందికి గుంజి చూసేది, గోర్లు చూసేది, నూనె ముట్టొద్దని చెప్పేది, సల్లల పొడి కలిపి పరగడుపున తాపేది. మూడు ఐతారాలు రావాలె.

నేను ఆ ఇంటికి కోడలుగ వచ్చింది తొంభైల మొదట్ల. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, ఊర్లనే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజిల పాఠాలు చెప్తుంటి. మా ఆయనకు బట్టల దుకాణం. ఇంట్ల ముగ్గురమే. నాకు ముక్కు మీద కోపం, చిన్నప్పటి సంది గంతె. పసిరికలకు మందున్నది గని నీ కోపానికి మా అవ్వ కాడ మందు లేదని మా ఆయన ఎక్కిరిస్తుండె.

ఆరు దినాలు కాలేజి, నాకున్నది ఒక్క ఐతారం. ఆ ఒక్క పొద్దుగాల కండ్లు తెరిచేసరికి అరుగు మీద పదిహేను మంది. ఒకలు నీళ్లడుగుతరు, ఒకలు బాత్రూం అడుగుతరు, ఒకలు వాకిట్లనే కక్కుతరు. ఎత్తిపోసేది ఎవరు? నేను. నా కోపం ఆ గుంపు మీద అని నాకు నేను చెప్పుకుంటుంటి. అబద్ధం, కోపం ఆమె మీదనే. రిక్షా ఆయనకు కాలేజి మేడం ఇల్లంటె తెల్వకపోయేది, పసిరికలవ్వ ఇల్లంటె మల్ల అడగకుండ గల్లీలకు తిప్పేటోడు. బడి గడప తొక్కని ఆమెకు గంత పేరు, పదిహేడేండ్లు చదివిన నాకు వాకిలి కడుగుడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటరు, మా ఇంట్ల మాత్రం పెరటి చెట్టే వైద్యం చేస్తుండె. గది నాకు కండ్లల్ల కారం కొట్టినట్టుండె.

గప్పుడే యాంటీ ఆక్సిడెంట్లు అనే మాట పత్రికలల్ల కొత్తగ కనవడుడు మొదలైంది. కోసిన వంకాయ గాలికి నల్లవడ్తది చూడు, మన ఒంట్ల కూడ అసొంటి పని ఒకటి లోలోపల జరుగుతుంటదట. దాన్ని ఆపే పదార్థాలు కొన్ని చెట్లల్ల ఉంటయట, ఉసిరి జాతిల మస్తుగ ఉంటయట. నేల ఉసిరి కూడ ఆ జాతిదే. సరే, అత్తమ్మ మందుల ఎంతున్నదో చూద్దామనుకున్న. చూసుడు తప్పు కాదు. అండ్ల ఏం లేకుంటె బాగుండు, ఈ ఐతారాల పీడ పోతది అనుకుంట చూసుడు తప్పు. నేను గట్లనే చూసిన.

ఆ ఏడు దసరా ముందర ఆమె కడిగి పెట్టిన మొక్కలల్ల నుంచి ఒక పిడికెడు చెప్పకుండ తీసిన. అడిగితె ఇయ్యకపోవునా? ఇచ్చేది. కని ఎందుకని అడుగుతది, చెప్పాలె. పది దినాలు ఆగే ఓపిక కూడ నాకు లేదు. మిద్దె మీద రేకుల పైన పేపర్ పరిచి ఎండకేసిన. ఒక్క పగటికే కరకరలాడినయి. తెల్లారి ల్యాబుల వాటిని నలిపి, నీళ్లల్ల ఏసి, అర్ధగంట కుతకుత ఉడకబెట్టి వడకట్టిన.

పరీక్ష పెద్దదేం కాదు. గంజి నీళ్లల్ల అయోడిన్ సుక్క ఏస్తె నీలం రంగు వస్తది. యాంటీ ఆక్సిడెంట్ గుణమున్న రసం అండ్ల పోస్తె ఆ నీలం పోయి నీళ్లు తెల్లవడ్తయి. నిమ్మరసం కొన్ని సుక్కలకే తెల్లగ చేస్తది. నేను అత్తమ్మ మొక్క రసం పది సుక్కలు పోసిన, ఇరువై పోసిన. జర వెలిసినట్టు అనిపించింది గని నీలం నీలం లెక్కనే ఉన్నది. ఆ జర వెలిసినదాన్ని నేను లెక్కల పట్టలే. లోపల సంబురమైంది, ఇప్పుడు దాచిపెట్టుడెందుకు.

ఆ మాపు అన్నం తినేటప్పుడు అన్న.

"అత్తమ్మా, మీ మందును ల్యాబుల పరీక్ష చేసిన. అండ్ల ఏం లేదు. గడ్డి నూరి తాపినా ఒక్కటే."

ఆమె చేతిల ముద్ద చేతిలనే ఆగింది. నువ్వే సూసినవా బిడ్డా అని అడిగింది. నేనే చూసిన అన్న. జరంతన్న లేదా అన్నది. లేదన్న. మా ఆయన నా దిక్కు ఒకసారి, వాళ్ల అవ్వ దిక్కు ఒకసారి చూసి, పప్పు వడ్డించమన్నడు. మా కోడలు ఎమ్మెస్సీ చదివిందని పదిమందికి చెప్పుకునేది ఆ ఇంట్ల ఆమె ఒక్కతే. గందుకే నమ్మింది.

కాలేజిల మూడుసార్లు రీడింగ్ తియ్యని పిల్లలకు నేను మార్కులు కోస్తుంటి. నేను మాత్రం ఒక్క పిడికెడు, ఒక్కసారి. చూసింది ఒక్క గుణం, కొట్టేసింది మొత్తం మందు. ఆత్రగానికి బుద్ధి మట్టు అని పెద్దలు ఊకె అనలే.

ఆ ఐతారం ఆమె సీసా ముట్టలే. గడప కాడ నిలవడి, ఇగ ఇస్తలేను, దవాఖానకు పోన్రి అని వచ్చినోళ్లకల్ల చెప్పింది. మద్దూరు నుంచి ఒక రైతు తమ్మున్ని పట్టుకొని వచ్చిండు. ముందుగాల పరాచికమనుకొని నవ్విండు. తర్వాత, మా వల్ల ఏమన్న తప్పయిందా అవ్వా అని చేతులు జోడించిండు. నేను వంటింటి కిటికీల నుంచి చూస్తున్న. పది గొట్టేసరికి అరుగు ఖాళీ అయింది.

లోపలికి వచ్చి ఆమె కోపం లేకుండ, మామూలుగ చెప్పింది.

"వాకిట్లకొచ్చినోళ్లను ఒట్టి చేతులతోటి మర్లగొడితె, ఇగ గా సెయ్యి మందుకు పనికిరాదు బిడ్డా. మా అత్త చెప్పింది. ఇగ నా సెయ్యి అయిపోయింది."

ఆ కట్టుబాటు సంగతి అప్పటిదాంక నాకు తెల్వది. తెలిసినా ఆగేదాన్నా? ఏమో. ఒక్కటి మాత్రం చెప్పాలె. పసిరికలైనోళ్లను దవాఖానకు పొమ్మనుడు తప్పు కాదు, ఇయ్యాల నన్నడిగినా గదే చెప్త. కని ఆనాడు నేను నోరు తెరిచింది వాళ్ల పానాల కోసం కాదు, నా నిద్ర కోసం.

ఆ తర్వాత ఐతారాలు గమ్మున అయినయి. ఎనిమిది దాంక పండుకుంటుంటి. మొదట్ల ఒకరిద్దరు ఇంక వస్తుంటె, ఆమె వెనక అర్రల కూసొని, లేనని చెప్పు బిడ్డా అనేది. నేను పోయి చెప్పేదాన్ని. సీసాలల్ల పొడి ఎప్పుడు పారబోసిందో కూడ నేను చూడలే. వానకాలం పోయినా చెలకల దిక్కు పోకపోయేది. ఎవలన్న పసిరికల ముచ్చట తీస్తె లేచి లోపలికి పోయేది. అన్నం తగ్గింది, మాట తగ్గింది. మోకాళ్ల నొప్పులు, వయసు మీదపడ్డది అనుకున్నం నేను, మా ఆయన. గట్లనుకుంటె మాకు సుఖముండె.

నాలుగేండ్లకు, దసరా అయినంక, ఇంటర్ పిల్లలకు ఉసిరికాయలతోటి ఒక ప్రాక్టికల్ పెట్టిన. అదే గంజి, అదే అయోడిన్. పచ్చి ఉసిరికాయలు తెచ్చిన పిల్లలకు నీలం టక్కున పోయింది. ఒక పిల్ల మాత్రం కాయలు దొరకలేదని ఇంట్ల నిరుడు ఎండబెట్టిన ఉసిరి ముక్కలు తెచ్చి, గంటసేపు ఉడకబెట్టింది. ఎంత పోసినా ఆమె గ్లాసుల నీలం పోతలేదు. దీంట్ల ఏం లేదని రాయాల్నా మేడం అని అడిగింది. నేను వేరే టేబుల్ దిక్కు చూసుకుంటనే కసిరిన.

"ఏం లేదని ఎట్ల రాస్తవు? ఎండకు పెట్టినవు, ఉడకబెట్టినవు, ఉన్నదంత పోయింది. నువ్వే పోగొట్టినవని రాయి."

కసిరిన నోరు గట్లనే తెరుచుకొని ఉన్నది. మా మిద్దె మీది రేకులు యాదికొచ్చినయి. ఆ పిల్ల నేను తిట్టిన తిట్టుకు భయపడి ఏడుపు మొఖం పెట్టింది. ఆ తిట్టు తనకు కాదు, నాకని ఆ పిల్లకు ఎట్ల చెప్పాలె?

చెలక గట్ల మీద ఇంక అక్కడక్కడ మొక్కలు మిగిలి ఉండె. నేనే పోయి పీకి తెచ్చిన. సగం ఎండకేసిన, సగం కాలేజి స్టోర్ రూంల నీడకేసిన. ఈసారి పది దినాలు ఆగిన. నీడకు ఆరినదాన్ని ఉడకబెట్టకుండ చల్లనీళ్లల్ల నానేసి వడకట్టిన. మూడుసార్లు చేసిన, మూడుసార్లు నీలం పోయింది. ఎండకేసి ఉడకబెట్టింది మూడుసార్లు అట్లనే ఉన్నది. మా అత్తమ్మకు అయోడిన్ తెల్వది, ఏది ఎండకు పెట్టొద్దో తెల్సు. నాకు అయోడిన్ తెల్సు.

ఆ మాపటికే చెప్పాలె గదా? ఆరు నెలలు చెప్పలే. ఆమె బియ్యం ఏరుతుంటె పక్కకు పోయి కూసుంటుంటి, రెండు రాళ్లు ఏరి లేచి వస్తుంటి. మా ఆయన జన్మంత ఎక్కిరిస్తడని ఒక భయం. అరుగు మల్ల నిండుతదేమో అని ఇంకొకటి. ఈ రెండోది చెప్తుంటె ఇప్పుడు కూడ సిగ్గయితుంది.

ఎండకాలం ఆమెకు జరమొచ్చింది. డాక్టర్ రాసిన గోళీలు దిండు కింద పెట్టుకుంటుంది గని మింగుతలేదు. ఎందుకు మింగుతలేరని నేను లొల్లి చేసిన. నేను ఎందరికి ఏం తాపిన్నో, నాకెందుకు బిడ్డా మందు అన్నది.

మంచం పక్కన కింద కూసొని అంత చెప్పిన. పిడికెడు ఎత్తుకపోయింది, రేకుల మీద ఎండేసింది, ఉడకబెట్టింది, మల్ల మూడుసార్లు చేసి చూసింది. మీ మొక్కల గుణమున్నది అత్తమ్మా, పాడుచేసింది నేను, నన్ను తిట్టున్రి అన్న. ఏడ్చిన గూడ.

ఆమె తిట్టలే. లేచి కూసున్నది. నేలుసిరిని ఎండల ఎవలన్న పెడ్తరా పిల్లా అని నవ్వింది. గిన్నేండ్లకు ఆమె మొఖంల నవ్వు చూసిన. నాకు ఆశ పుట్టి, వచ్చే ఐతారం సంది మల్ల మొదలుపెట్టున్రి, మీతోటి చెలకలకు నేనే వస్త, వాకిలి నేనే కడుగుత అన్న. ఆమె తలకాయ అడ్డం ఊపింది. సెట్టు మంచిదే బిడ్డా, పోయింది సెయ్యి, గది మల్ల రాదు అన్నది. గదాన్ని నేను ఏ ల్యాబుల సరిచెయ్యాలె?

జరసేపటికి నా చెయ్యి పట్టుకొని తొగుట అనే ఊరి పిల్ల ముచ్చట చెప్పింది. నేను కోడలుగ రాకముందు సంగతట. నెలలు నిండిన పిల్ల, పసిరికలు ముదిరినంక తీసుకొచ్చిన్రట. పట్నం దవాఖానకు తీసుకపోదుమా అని ఇంటోళ్లు అడిగితె, రెండు ఐతారాలు నా మందు సూడున్రి అని ఆపింది అత్తమ్మే. రెండో ఐతారానికి ఆ పిల్ల లేదు, కడుపుల పిల్ల కూడ లేదు. గందరికి తగ్గుతుంటె ఒక్కలకు తగ్గలే, గామె రాత గంతె అని ఎట్లనో మనసు రాయి చేసుకున్నదట. నేను గడ్డి అన్ననాటి సంది మాత్రం కండ్లు మూస్తె ఆ పిల్లనే కనవడుతున్నదట. తొగుటల చుట్టాల పెండ్లి అయితె గందుకే పోలేదట. మేము మోకాళ్ల నొప్పులనుకున్నది గిది.

"మందుల సత్తువ ఉండె గద బిడ్డా? నేను గా పిల్లను సంపలేదు గద?"

నీలం రంగు పోవుడు వేరు, మనిషికి పసిరికలు పోవుడు వేరు. కెమిస్ట్రీ చదివినదాన్ని, గంత మాత్రం తెల్సు. నెలలు నిండినప్పుడు పసిరికలు ముదిరితె దవాఖానల కూడ పానం దక్కుడు కష్టమని తెల్సు. ఆ రెండు ఐతారాలు ఆపకుంటె ఆ పిల్ల బతికేదా లేదా, గది నాకు తెల్వది. తెల్వనిదాన్ని తెల్సినట్టు చెప్పే గీ మనిషిని మంచాన పడేసిన. మల్ల చెప్పాల్నా?

"మందుల సత్తువ ఉండె అత్తమ్మా" అన్న.

ఆమె కొంగుతోటి మొఖం తుడుచుకున్నది. నాలుగు దినాల సంది దిండు కింద పడి ఉన్న గోళీలు తీసి, నీళ్లు తెమ్మన్నది. తెచ్చిన. ఆమె అడిగినయి రెండు, నేను జవాబు చెప్పింది ఒక్కదానికే. రెండింటికి చెప్పిన్ననుకున్నది. నేను అనుకోనిచ్చిన.