కుప్పం కబడ్డీకి రెండో గొంతు

పుంగనూరు బస్టాండులో టీ గ్లాసు ఏటేటా చిన్నదవుతోంది. ఇప్పుడు అక్కడ టీ తాగడానికీ దగ్గుమందు తాగడానికీ పెద్ద తేడా లేదు. అదేమని అడిగితే, తొందరగా అయిపోతుంది కాబట్టి బస్సు తప్పిపోదు కదా అన్నాడు అంగడాయన. మన మేలు కోరి చేసిన పనిని ఏమని తప్పు పడతాం? తాగేసి కుప్పం బస్సెక్కాను.

కుప్పం ఎందుకంటే, మదనపల్లెలో నాకు పని సిద్ధంగా ఉంది కాబట్టి. మా నాయనకు టమోటా మండీ ఉంది. నాది బీకాం చివరి ఏడాది. పరీక్షలు కాగానే నేను మండీలో కూర్చోవాలని ఆయన పట్టు. నేనేమో క్రీడారంగంలో స్థిరపడతానన్నాను. ఆయన దగ్గర మండీ ఉంది. నా దగ్గర ఆ వాక్యం ఒక్కటే ఉంది.

"ఆటల్లోకి పోతానంటాండావే, ఆడ నిన్ను పనికి పెట్టుకునేవాణ్ణి ఒక్కణ్ణి సూపించు. పరీక్షలయ్యే లోపల సూపిస్తే నేను నోరెత్తను," అన్నాడు.

ఆ ఒక్కణ్ణి వెతుక్కుంటూ మా కాలేజీలో ఆటలు నేర్పే సారు దగ్గరికి వెళ్లాను.

"ఏం ఆడతావప్పా?"

"ఏమీ ఆడను సార్."

"పరిగెత్తుతావా?"

"బస్సు కదిలితే."

సారు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "నోరొకటి బాగుండాది నీకు. కుప్పంలో కబడ్డీ పోటీలు జరగతాండాయి. ఆడుండే అనౌన్సరు నాకు బాగా తెలుసు. ఎండాకాలం టోర్నమెంట్లకు రెండో గొంతు కావాలంటాండాడు. పోయి కలువు."

కలిశాను, మండీ సంగతితో సహా అంతా చెప్పుకున్నాను. నల్లకళ్లద్దాలు, మడత నలగని తెల్లచొక్కా. మైకు సొంతది తెచ్చుకుంటాడు, ఊరివాళ్ల మైకు ముట్టుకోడు. కుప్పంలో జనం మూడు భాషలవాళ్లు. పిల్లలు కూతకు బయలుదేరితే ఈయన తెలుగులో ఎత్తుకునేవాడు, పట్టు పడేసరికి తమిళంలోకి దిగేవాడు, పాయింటు కన్నడంలో ఇచ్చేవాడు. అతుకు ఎక్కడా కనపడలేదు. కోర్టు పక్కన పిట్టగోడ మీద చూపు ఆనని ముసలాయన ఒకడు కూర్చుని, లౌడ్‌స్పీకరు వైపు చెవి పెట్టి, సరిగ్గా అందరూ చప్పట్లు కొట్టేచోటే తానూ కొడుతున్నాడు. ఒక మనిషి గొంతు ఇంకో మనిషికి కళ్లవుతుందని నాకు అంతవరకు తెలియదు. బీకాం సిలబస్‌లో లేదు.

సాయంత్రం ఆడపిల్లల ఫైనల్. శాంతిపురం పిల్లలకూ సరిహద్దు అవతలి ఊరి పిల్లలకూ ఆట. సగం ఆట అయ్యాక అనౌన్సరు మైకు నా చేతిలో పెట్టాడు.

"మిగిలింది నువ్వు సెప్పు. బాగుంటే ఎండాకాలమంతా నిన్ను తిప్పుకుంటా. లేకుంటే మీ నాయన మండీ ఉండనే ఉండాది."

నాకు తమిళం రాదు, కన్నడం రాదు. భయమేస్తే తెలుగు కూడా కొంత తగ్గుతుంది. చిన్నప్పటినుంచి చెవిలో పడి నిలిచింది మండీలో వేలంపాట ఒక్కటే. నోరు తెరిస్తే అదే వచ్చింది.

"పన్నెండూ పన్నెండూ పన్నెండూ... శాంతిపురం పన్నెండు! అవతల పదమూడూ పదమూడు! పైన ఎవరప్పా? ఆపైన ఎవరమ్మా?"

అంతటితో ఆగినా బాగుండేది. అవుటైన పిల్ల బయటికి నడుస్తుంటే, "ఎత్తు, ఎత్తు, పక్కన పెట్టు!" అనేశాను. అమ్ముడుపోయిన క్రేట్లను జరపమని మా మండీలో అనేమాట అది.

ఆ పిల్ల ఆగింది. "యోవ్, నేనేమన్నా టమోటానా?"

జనం విరగబడి నవ్వారు. ఈ చుట్టుపక్కల టమోటా మొహం చూడనివాళ్లు తక్కువ, ఆ అరుపు ఏ భాషవాడికైనా తెలుసు. అనౌన్సరు నవ్వలేదు. కానీ మైకు లాక్కోలేదు. అది ప్రోత్సాహమే అనుకున్నాను.

అలా చివరి కూత వచ్చింది. శాంతిపురం ఒక్క పాయింటు వెనకబడి ఉంది. వెళ్లింది అందరికన్నా పొట్టి పిల్ల, మోకాలికి గుడ్డ కట్టుకుని. మూలనున్నదాన్ని కాలితో తాకింది. తిరిగేలోపు ఒకతె చీలమండ పట్టింది, ఇంకొకతె నడుము పట్టింది, మూడోది మీద పడింది. ముగ్గురి కింద ఆ పిల్ల కనపడలేదు. కూత మాత్రం వినపడుతోంది, సన్నగా, తెగకుండా. ఎర్రమట్టిలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. నేలను గోళ్లతో పట్టుకుని ఆ ముగ్గురి బరువునూ ఈడ్చింది. ఆగింది. మళ్లీ ఈడ్చింది. నేనట్లాంటిది అంతకుముందు చూడలేదు. మనిషి ఒంట్లో అంత ఉంటుందనుకోలేదు. వేళ్లు మధ్యగీత దాటాయి. కూత అప్పుడు ఆపింది.

మైదానం ఒక్కసారిగా లేచింది. పక్కనున్న తమిళాయన నేనెవరో తెలియకుండానే నన్ను కావిలించుకున్నాడు. ఆయన భుజం మీదుగా పిట్టగోడ కనపడింది. ముసలాయన అటూ ఇటూ తల తిప్పుతూ, అందినవాళ్ల చొక్కా పట్టి లాగుతున్నాడు.

"ఏమాయెనప్పా? పాప వచ్చేసినాదా? ఎవురన్నా సెప్పండప్పా!"

అప్పుడు తెలిసింది, ఆ కూత మొదలైనప్పటినుంచి నేను ఒక్క మాటా మాట్లాడలేదని.

అనౌన్సరు నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. ఆ కూతను మొదటినుంచి, ఇప్పుడే జరుగుతున్నట్టు, మూడు భాషల్లో చెప్పాడు. గీత దాటించేసరికి ముసలాయన తొడ చరిచి చప్పట్లు కొట్టాడు. అప్పుడు మైకు ఆపి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నావైపు తిరిగాడు.

"నోరు తెరుసుకుని సూసేవాళ్లు ఈడ శానామంది ఉండారప్పా. వాళ్లెవురికీ నేను మైకు ఇయ్యలేదు."