నేను నటించిన ఇంగ్లిష్ సినిమా

నేను ఇంగ్లిష్ సినిమాలో వేశానని అమెరికాలో మేముండే ఎడిసన్ చుట్టుపక్కల తెలియని తెలుగువాళ్లు లేరు. ఎవరూ అడక్కపోయినా నేనే చెప్పేదాన్ని. చెప్పుకోనా మరి? కాలేజీ నాటకంలో కూడా మొహానికి రంగు వేసుకోనివ్వని ఇంట్లోంచి వచ్చినదాన్ని!

అమెరికా రాకముందు, డెబ్బైల చివర్లో, మావారు లండన్ దగ్గర ఒక ఆసుపత్రిలో జూనియర్ డాక్టరు. మా క్వార్టర్స్ పక్కనే మూతపడ్డ వార్డులో సినిమా తీస్తామని ఒక గుంపు దిగింది. అంత బీద సినిమాను నేనెక్కడా చూడలేదు. ఒకే పూలకుండీని గది గదికీ మోసుకెళ్లి, ఇది వేరే ఆసుపత్రి అనేవాళ్లు. నర్సు వేషాలు వేసే అమ్మాయిలు ఇంటినుంచే సాండ్‌విచ్‌లు తెచ్చుకునేవాళ్లు. డాక్టరు కోసం ఎదురుచూసే పేషెంట్లలో చీర కట్టుకున్న మనిషి ఒకరు కావాలని నన్ను పిలిచారు. డాక్టర్ల మీద కామెడీ అన్నారు. మావారే "సరదాగా ఉంటుంది, వెళ్లు" అన్నారు. నా వెంకటగిరి చీర కట్టుకుని వెళ్లాను.

నేను చేయాల్సిందల్లా తలుపు పక్కనున్న గొడుగుల స్టాండును చూసి అదిరిపడటం. గొడుగుల్ని చూసి ఎవరైనా అదిరిపడతారా, నా మొహం! ఎన్నిసార్లు తీసినా నాకు నవ్వే. దర్శకుడు జుట్టు పీక్కున్నాడు. చివరికి ఏదో ఉపాయం చేసి నన్ను నిజంగానే అదరగొట్టాడు. ఆ ఉపాయమేమిటో నేనెవరికీ చెప్పలేదు, మావారికి కూడా. నోటితో అనకూడని మాట అది. మిగతాదంతా గొడుగులతో సహా చెప్పి అందరినీ నవ్వించేదాన్ని.

సినిమా వచ్చేనాటికి నేను పురిటికి పుట్టింట్లో ఉన్నాను. అటునుంచి అటే పాపతో అమెరికా వచ్చేశాను. ఎలా ఉందండీ సినిమా అని అడిగితే, "ఎక్కడా ఆడలేదట" అన్నారు మావారు. 

ఎనభైల్లో అందరి ఇళ్లలోకీ వీసీఆర్‌లు వచ్చాయి. మా స్నేహితురాలి భర్త, ఇంజనీరు, వీడియో షాపులో కామెడీల అరలో ఆ క్యాసెట్ పట్టుకున్నాడు. ఇంకేముంది, ఆదివారం మధ్యాహ్నం నాలుగు కుటుంబాలకి భోజనాలు పెట్టాడు. "బ్రిటిష్ వాళ్లు కదండీ, నీట్‌గా ఉంటుంది. పిల్లలతో కలిసి ఎంజాయ్ చేయొచ్చు" అన్నాడు. మేమంతా తలూపాం. దొరలంటే మర్యాదస్తులని మా చిన్నప్పటినుంచీ పెద్దవాళ్లు నూరిపోశారు కదా! మావారొక్కరే తలనొప్పి, రాలేనన్నారు. నేనే బలవంతాన లాక్కెళ్లాను.

మొదటి సీన్లోనే ఒక నర్సు గౌను ఊడి కింద పడింది. "ఓరి నాయనో" అంటూ మా స్నేహితురాలు పిల్లల్ని బేస్‌మెంట్‌లోకి తోలింది. తలుపు వేస్తుంటే "ఆంటీ, వాట్ హాపెండ్?" అని ఒక పిల్లాడు అరుస్తున్నాడు. ఆడవాళ్లం పమిటచెంగులు మొహాలకి అడ్డం పెట్టుకున్నాం. ఆపేస్తారనుకున్నాను. "ఫార్వర్డ్ చేయండి, ఈవిడ సీన్ చూసి ఆపేద్దాం" అన్నారెవరో.

వచ్చింది నా సీను. డాక్టరు గది తలుపు తెరుచుకుంది. మెడలో స్టెతస్కోపు తప్ప ఒంటిమీద నూలుపోగు లేని మనిషొకడు బయటికి దూకాడు. ఆ వెంటనే తెర నిండా నేను! గుడ్లు తేలేసి, నోరు తెరిచి, గుండెల మీద చెయ్యేసుకుని "అయ్యో, అయ్యో" అంటున్నాను, తెలుగులోనే. గది గదంతా ఘొల్లుమంది. మగవాళ్లు కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు.  ఆ మనిషెవరో ఆ దేవుడికే తెలియాలి, నేను చూడలేదు మొర్రో అందామంటే ఆ నవ్వుల్లో ఎవరికి వినపడుతుంది? మావారి వైపు తిరిగాను. ఆయన టీవీ చూడటం లేదు, నవ్వడమూ లేదు. నన్నే చూస్తున్నారు.

పాప ఆ ఇంట్లోనే ఆడుకుంటానంటే వదిలేసి, మేమిద్దరం కారెక్కాం.

"మీకు ముందే తెలుసు కదూ?" అన్నాను.

"లండన్‌లోనే చూశాను. నువ్వు ఇండియాలో ఉన్నప్పుడు."

"మరి నాకు చెప్పొద్దుటండీ? నేను ఊరంతా టాంటాం వేసుకుంటుంటే!"

"నువ్వే చెబుతావని చూశాను" అన్నారు రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా. "వాడు అలా వచ్చి నీ ఎదురుగా నిలబడ్డాడని. నాకు గొడుగుల కథ ఎందుకు చెప్పావో ఇప్పటికీ అర్థం కాలేదు."

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. సినిమా సంగతి కాదు, ఆ గదిలో నవ్వులు కాదు. ఇన్నేళ్లూ ఈయన నేను అబద్ధం చెప్పాననుకుంటూ నా చేతి వంట తిన్నారు, నా పక్కన పడుకున్నారు, నేను గొడుగుల కథ చెప్పినప్పుడల్లా పక్కన కూర్చుని విన్నారు! ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి అడగలేదు.

ఇక నోరు కట్టుకోలేకపోయాను. "ఆ రోజు దర్శకుడు పంపితే ఒకడు పరిగెత్తుకొచ్చాడు. మీ ఆయన మేడ మెట్ల మీంచి పడ్డాడు, ప్రాణం పోయింది అన్నాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. మీరు పోయారనుకుని పెట్టిన మొహమండీ అది! అశుభం, భర్త గురించి అలాంటి మాట నోటితో అనకూడదని ఇన్నాళ్లూ దాచుకున్నాను" అని ఏడ్చేశాను.

ఆయన కారు పక్కకి తీసి ఆపారు.  తర్వాత నా వైపు తిరిగి, మెల్లగా, "ఒట్టేనా?" అన్నారు.

ఇంత చెప్పాక కూడా ఒట్టు కావాలా ఈయనకి? నేను ఒట్టు వేయలేదు.