కరెంటు బండి మొదటిరోజు

ఊరి శివారు కాలనీల్లో అతణ్ని అందరూ కర్ర మామ అనేవాళ్లు. రైలుపట్టాలు చూసుకునే గ్యాంగ్‌మన్. పొద్దున పూట మాత్రం స్టేషన్‌మాస్టర్ అతని చేతికి కర్ర ఇచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబెట్టేవాడు. డీజిల్ బండి పైకప్పు ఎక్కినవాళ్లను కొట్టి దించాలి. ఒళ్లు దాచుకోకుండా కొట్టేవాడు, మోకాళ్లనీ మోచేతులనీ చూడకుండా. జనం తిట్టుకుంటూ దిగి, బండి కదలగానే మళ్లీ ఎక్కేవాళ్లు. పని పట్నంలో, ఇల్లు ఇక్కడ, బండికి నాలుగే పెట్టెలు. వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

అందరిలోకీ మొండిఘటం సొంత తమ్ముడే. తాపీమేస్త్రి. పారా తట్టా లోపల పట్టవని, పైన సిమెంటు గోతం పరుచుకుని దర్జాగా కూర్చునేవాడు. అన్న కర్ర ఎత్తితే నవ్వేవాడు.

లైనుకు కరెంటు పెడుతున్నామని తీగలు లాగి, నెలల తరబడి ఊరికే వదిలేశారు. వాటి కిందే డీజిల్ బండి తిరిగింది. పైన కూర్చునేవాళ్లకు ఆ తీగ బట్టలారేసే దండెంలా అలవాటైపోయింది. బండి ఆగినప్పుడు పందెం కట్టి మరీ ముట్టుకునేవాళ్లు. తమ్ముడైతే దానికి క్యారేజీ తగిలించి చూపించాడు.

కరెంటు వదిలి చూసిన రోజు, కబురందని కూలీ ఒకడు ఆగి ఉన్న గూడ్సు పెట్టె మీద నిలబడ్డాడు. తీగను తాకనే లేదు. జానెడు దూరం నుంచే మంట దూకింది. శవాన్ని దించింది కర్ర మామే. చెయ్యి పట్టుకుంటే చర్మం ఊడి వచ్చింది. ఆ సంగతి తమ్ముడికి చెప్పాడు, బతిమాలాడు, గడ్డం పట్టుకున్నాడు. వంగి కూర్చుంటే ఏమీ కాదని, అన్నది వట్టి చాదస్తమని వాడు కొట్టిపారేశాడు.

కరెంటు బండి వచ్చింది. దానికీ నాలుగే పెట్టెలు. ఇంత దూరం తీగలు లాగిన మహానుభావులకు అయిదో పెట్టె తగిలించాలని తోచలేదు. తలుపుల దగ్గర జనం ఒకళ్లనొకళ్లు తొక్కుకున్నారు. ఎవరిదో ముక్కు పగిలి నెత్తురు కారింది. తమ్ముడు గోతం చంకన పెట్టుకుని కిటికీ చువ్వల మీద కాలు వేశాడు. వెనకే తక్కిన మేస్త్రీలు.

కర్ర మామ తమ్ముణ్ని నడుం పట్టి కిందికి ఈడ్చాడు. వాడు అన్న గూబ పగలగొట్టి మళ్లీ ఎక్కబోయాడు. కర్ర వాడి వీపున విరిగింది, వాడు ఆగలేదు. అప్పుడు గోడకు ఆనించిన తన పట్టాల పని సుత్తి తీసుకుని, చువ్వ మీదున్న కాలి మీద బలంకొద్దీ కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు పక్కవాళ్లకు వినిపించింది. ఎక్కుతున్నవాళ్లంతా దిగిపోయారు.

సాయంత్రం ఆస్పత్రిలో తమ్ముడు గోడవైపు మొహం పెట్టి పడుకున్నాడు. అలాగే పక్కనున్న అన్నను అడిగాడు.

"పైకి ఎంతమంది ఎక్కారు?"

"ఒక్కడూ ఎక్కలేదురా."

"లోపలికి?"

"సగం మంది. తక్కినవాళ్లు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయారు."

"రేపు వాళ్లూ పనికి పోవాలి కదన్నా. రోజుకొకడి కాలు విరగ్గొడతావా?"

కర్ర మామకు ఏడుపు ఆగలేదు. తమ్ముడి రెండో కాలు రెండు చేతులతో పట్టుకున్నాడు. వాడు భయపడి దాన్ని లాక్కున్నాడు.